షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లీషు వ్యాకరణం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీలో, ఎమ్మేలో ఇంగ్లీషు సాహిత్యం చదివేవాళ్ళు, నెట్, సెట్ పరీక్షలకు తయారయ్యేవాళ్ళు, అమెరికాలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల రోమియో జూలియట్ పుస్తకం తెచ్చి ముందు పెడితే తల పట్టుకున్న అమ్మానాన్నలు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఇంగ్లీషు పంక్తులన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను. వాటిని మనసులో కాకుండా పైకి చదవండి. సగం చిక్కు అక్కడే వీడిపోతుంది.

ఇది ఓల్డ్ ఇంగ్లీషేనా?

కాదు. ఓల్డ్ ఇంగ్లీషు అంటే బేవుల్ఫ్ కావ్యం నాటి భాష, వెయ్యేళ్ళ కిందటిది. విడిగా నేర్చుకోకపోతే ఇవాళ్టి లండన్‌వాడికి కూడా అది కొరుకుడుపడదు. 1400లో పోయిన చాసర్ రాసింది మిడిల్ ఇంగ్లీషు. సుమారు 1500 నుంచి 1700 దాకా నడిచినదాన్ని అర్లీ మోడరన్ ఇంగ్లీషు అంటారు. మార్లో, షేక్‌స్పియర్, బెన్ జాన్సన్, డన్, మిల్టన్, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. పరీక్షలో షేక్‌స్పియర్‌ది ఓల్డ్ ఇంగ్లీషు అని రాస్తే మార్కు పోయినట్టే.

నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు. అయినా ఇది ఎందుకు తలకెక్కదు?

మాటలు తెలియక అనుకుని అందరూ ముందు గ్లాసరీ తెరుస్తారు. మాటల ఇబ్బంది కొంత ఉన్నమాట నిజమే. కానీ నేను చూసినంతలో చాలామంది ఆగిపోయేది వాక్యం కీళ్ళ దగ్గర: ఎవరు చేశారు, ఎవరికి చేశారు, క్రియ ఎక్కడుంది అన్నచోట. కర్త, క్రియ, కర్మ వరస తప్పకూడదని, ప్రశ్నకి డూ తగిలించాలని, రెండు నాట్‌లు కలిస్తే తప్పని బళ్ళో మనకి నూరిపోశారు. ఈ నియమాలు షేక్‌స్పియర్ నాటికి ఇంకా గట్టిపడలేదు.

తెలుగువాళ్ళకి ఇక్కడో వెసులుబాటుంది. నువ్వు, మీరు తేడా మనకి పుట్టుకతో వచ్చింది. చేస్తావు, చేస్తాడు అని క్రియ చివర మనిషిని బట్టి మార్చడం అలవాటే. క్రియ ఆఖర్న వస్తే కంగారుపడం. "నాకు అనిపిస్తోంది" లాంటి వాక్యాలు రోజూ వాడతాం. అంచేత ఈ భాషని బడి ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా అందుకోవడమే సులువని నా అభిప్రాయం. తెలుగు అక్కరకు రాని చోట్లూ ఉన్నాయి, అవీ చెబుతాను.

దౌ, దీ, దై, దైన్, యీ, యూ: దేనికి ఏది?

దౌ అంటే నువ్వు. దీ అంటే నిన్ను లేదా నీకు. దై, దైన్ రెండూ "నీ". హల్లు ముందు దై, అచ్చు ముందు ఎక్కువగా దైన్: దై ఫాదర్, దైన్ ఐస్. "నీది" అన్న అర్థంలో విడిగా వస్తే ఎప్పుడూ దైనే. మై, మైన్ కూడా ఇదే దారి, అందుకే కవిత్వంలో "మైన్ ఐస్" కనిపిస్తుంది.

యూ అంటే మీరు. ఇద్దరికీ పదిమందికీ అదే, ఒక్కరిని మన్నించి పిలిచేటప్పుడూ అదే. యీ పూర్వం కర్తగా, యూ కర్మగా ఉండేవి. షేక్‌స్పియర్ నాటికి ఆ తేడా దాదాపు చెరిగిపోయింది కాబట్టి దాని గురించి మధనపడక్కర్లేదు.

ఒకే మనిషిని ఒకసారి దౌ అని, మరుక్షణం యూ అని పిలుస్తారేం?

నాటకంలో గమనించాల్సినవి ఏవని అడిగితే నేను మొదట చెప్పేది దీన్నే. హామ్లెట్ 3వ అంకం 4వ రంగం తీసుకోండి. మొగుడు పోయిన కొద్దికాలానికే మరిదిని పెళ్ళాడిన తల్లి, మండిపోతున్న కొడుకు, గదిలో ఎదురెదురుగా ఉన్నారు. రాణి అంటుంది: "హామ్లెట్, దౌ హాస్ట్ దై ఫాదర్ మచ్ అఫెండెడ్." కొడుకు జవాబు: "మదర్, యూ హావ్ మై ఫాదర్ మచ్ అఫెండెడ్."

తల్లి కొడుకుని నువ్వు అంది, అది సహజం. కొడుకు మీరు అన్నాడు, పైకి అది మర్యాదే. వాక్యం మాత్రం ఆవిడదే, అచ్చంగా తిప్పి కొట్టాడు. "నీ తండ్రి" అని ఆవిడ అన్నది కొత్త మొగుణ్ణి, "నా తండ్రి" అని ఇతనన్నది చనిపోయిన రాజుని. వెంటనే రాణి "కమ్, కమ్, యూ ఆన్సర్ విత్ ఏన్ ఐడిల్ టంగ్" అంటుంది. దౌ మాయమై యూ వచ్చింది. కోపమొచ్చిన అమ్మ కొడుకుతో "ఏం సార్, తమరికి ఇప్పుడు తెల్లారిందా" అనడం వినని తెలుగువాడు ఉండడు కాబట్టి ఇక్కడ ఫుట్‌నోట్ మనకి అక్కర్లేదు.

లియర్ రాజు మొదటి రంగంలో ఇది తిరగబడుతుంది. రాజ్యం పంచిపెట్టి, చిన్నకూతుర్ని వెళ్ళగొడుతున్న రాజుని ఆపబోయిన కెంట్ ముందు "రాయల్ లియర్" అని వినయంగానే అందుకుంటాడు. రాజు వినడు. అప్పుడు "వాట్ వుడ్‌స్ట్ దౌ డూ, ఓల్డ్ మేన్?" అంటాడు. నిండుసభలో మహారాజుని "ఏం చేద్దామనుకుంటున్నావు, ముసలోడా" అన్నట్టే. ఆ తర్వాత కెంట్‌కి దేశబహిష్కారం పడిందంటే ఆశ్చర్యమేముంది? ఆధునిక ఇంగ్లీషులోకి మార్చిన పుస్తకాల్లో ఈ దౌ కూడా యూ అయిపోతుంది, సభ ఎందుకు ఉలిక్కిపడాలో చదివేవాడికి తెలియదు.

దౌ అనడమే తిట్టుగా వాడిన సందర్భాలున్నాయి. ట్వెల్ఫ్త్ నైట్‌లో సర్ టోబీ, ద్వంద్వయుద్ధానికి సవాలు రాస్తున్న స్నేహితుడితో, అవతలివాణ్ణి ఓ మూడుసార్లు "దౌ" అన్నా తప్పులేదు అని ఎక్కిస్తాడు. ఇది నాటకాల్లోనే కాదు. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్, "ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్" అన్నాడు. "నిన్ను నువ్వనే అంటాను, ద్రోహీ" అని.

ఒక్క జాగ్రత్త. ప్రతి మార్పుకీ లోతైన అర్థం లాగకండి. కొన్నిచోట్ల ప్రాస కోసం, చెవికి ఇంపుగా ఉండటం కోసం కూడా మారుతుంది. షేక్‌స్పియర్ సానెట్లలోనే (సానెట్ అంటే పద్నాలుగు పంక్తుల కవిత) ఒకచోట దౌ, ఒకచోట యూ ఉంటాయి. వాటిలో ప్రతిసారీ అలకా ప్రసన్నతా వెతికితే పరిశోధన కాస్తా జాతకం అవుతుంది.

దౌ చనువుకో, తక్కువ చేయడానికో అయితే దేవుణ్ణి దౌ అంటారేం?

మనం రాముణ్ణి "మీరు" అంటామా? రామదాసు, త్యాగయ్య నీవు అనే పాడారు. తెలుగు బైబిల్లోనూ పరలోక తండ్రి నామం "నీ నామము"గానే ఉంటుంది. అదే లెక్క. అలాగని కట్టుబాటేం లేదు. డన్ తన పవిత్ర సానెట్లలో ఒకదాన్ని "బాటర్ మై హార్ట్, త్రీ-పర్సన్డ్ గాడ్, ఫర్ యూ / యాజ్ యెట్ బట్ నాక్" అని మొదలుపెట్టాడు. దేవుణ్ణే యూ అన్నాడు. ఈ పంక్తిలో బట్ అంటే "కానీ" కాదు, "మాత్రమే": నువ్వింకా తలుపు తడుతున్నావంతే, పగలగొట్టు అని మొర.

దౌ ఇంగ్లీషు నుంచి పూర్తిగా పోలేదు. యార్క్‌షైర్ వైపు పల్లెల్లో "దా" రూపంలో నిన్నమొన్నటిదాకా వినిపించింది.

క్రియల చివర -ఎస్ట్, -ఎత్ ఎందుకు?

-ఎస్ట్ వస్తే కర్త దౌ. దౌ నోయెస్ట్, దౌ హాస్ట్, దౌ డస్ట్. కొన్నిటికి ఉత్త ట్ చాలు: దౌ ఆర్ట్, దౌ విల్ట్, దౌ షాల్ట్. మనకి "వు" ఎలాగో వాళ్ళకిది అలాగ. కర్త దూరంగా ఎక్కడో ఉన్నా క్రియ చివర చూసి పట్టేసుకోవచ్చు.

-ఎత్ వస్తే కర్త అతను, ఆమె, అది. ఇవాళ్టి -ఎస్ పని అదే చేసేది. షేక్‌స్పియర్ నాటికి మాటల్లో -ఎస్ గెలిచింది. హాత్, డత్ మాత్రం ఇంకొంతకాలం నిలిచాయి. కింగ్ జేమ్స్ బైబిల్ పాతదాన్నే పట్టుకుంది, అందుకే -ఎత్‌కి ఆ ప్రార్థన వాసన.

రెండూ అందుబాటులో ఉంటే కవికి పండగే. మర్చంట్ ఆఫ్ వెనిస్‌లో పోర్షియా కరుణ గురించి చెప్పే మాటలు చూడండి: "ఇట్ డ్రాపెత్ యాజ్ ద జెంటిల్ రెయిన్ ఫ్రమ్ హెవెన్." పంక్తికి పది అక్షరాలు కావాలి (అక్షరమంటే ఇక్కడ సిలబుల్, ఒక్క ఊపులో పలికే ముక్క). డ్రాప్స్ అంటే ఒక అక్షరం తగ్గుతుంది, డ్రాపెత్ అంటే సరిపోతుంది. రెండు పంక్తుల తర్వాత: "ఇట్ బ్లెసెత్ హిమ్ దట్ గివ్స్ అండ్ హిమ్ దట్ టేక్స్." ఒకే పంక్తిలో బ్లెసెత్, గివ్స్, టేక్స్! గివెత్, టేకెత్ అంటే అక్షరాలు ఎక్కువైపోతాయి కాబట్టి అక్కడ -ఎస్. బ్లెసెత్ సంగతి వేరు. బ్లెసెస్ అన్నా రెండక్షరాలే, ఛందస్సుకి నష్టం లేదు. అయినా -ఎత్ ఎందుకు? రెండు "స"కారాలు వరసగా బుస కొట్టకుండానూ, బైబిల్ గాంభీర్యం కోసమూ అని నేననుకుంటాను.

ప్రశ్నలోనూ, కాదనడంలోనూ డూ కనిపించదు. తప్పు కాదా?

అప్పటికి అది ఐచ్ఛికం. "ఐ నో నాట్" అన్నా సరే, "ఐ డూ నాట్ నో" అన్నా సరే. మాక్బెత్ 2వ అంకంలో చిన్న సంభాషణ ఉంది. లెనాక్స్ అడుగుతాడు: "గోస్ ద కింగ్ హెన్స్ టుడే?" రాజుగారు ఇవాళ వెళ్తున్నారా అని. మాక్బెత్: "హీ డజ్, హీ డిడ్ అపాయింట్ సో." ప్రశ్నలో డూ లేదు, జవాబులో ఉంది, ఆ పక్కనే నొక్కి చెప్పాల్సిన పని లేకపోయినా ఉత్త పూరణంగా ఇంకో డిడ్ ఉంది. (అప్పటికే రాజుని చంపేశాడు గనక ఆ జవాబు ఎంత చల్లగా ఉందో చూడండి.)

నాట్ చోటు కూడా చూసుకోవాలి. కర్మ సర్వనామమైతే నాట్ దాని తర్వాత వస్తుంది. హెన్రీ 4 రెండో భాగంలో కొత్తగా రాజైన హాల్ తన పాత స్నేహితుడు ఫాల్‌స్టాఫ్‌తో "ఐ నో దీ నాట్, ఓల్డ్ మేన్" అంటాడు. నువ్వెవరో నాకు తెలియదు పెద్దాయనా, అని.

వాక్యాలన్నీ తలకిందులుగా ఉంటాయి. ఎక్కడ పట్టుకోవాలి?

క్రియని పట్టుకోండి. తర్వాత ఆ క్రియకి కర్త ఎవరో వెతకండి. మిగిలినవి వాటంతటవే సర్దుకుంటాయి.

రిచర్డ్ 3 నాటకం మొదటి మాట "నౌ ఈజ్ ద వింటర్ ఆఫ్ అవర్ డిస్కంటెంట్". దీన్ని పత్రికలవాళ్ళు ఇక్కడికే కోసి, "ఇది మన అసంతృప్తి కాలం" అన్న అర్థంలో వాడేస్తుంటారు. 1978-79లో బ్రిటన్‌లో సమ్మెలు జరిగిన చలికాలానికి ఈ పేరే పడింది. కానీ వాక్యం అక్కడ ఆగదు. రెండో పంక్తి: "మేడ్ గ్లోరియస్ సమ్మర్ బై దిస్ సన్ ఆఫ్ యార్క్." అసలు క్రియ "ఈజ్ మేడ్". రెండు ముక్కల మధ్య మొదటి పంక్తిలో మిగిలిందంతా దూరింది. మన చలికాలం పోయి, యార్క్ సూర్యుడి పుణ్యమా అని వేసవి అయింది అని అర్థం. అంటే కోసి వాడినవాళ్ళు చెప్పేదానికి సరిగ్గా ఎదురు. సన్ అంటే సూర్యుడు, కొడుకు కూడా. యార్క్ వంశపు కొడుకు ఎడ్వర్డ్ గద్దెనెక్కాడన్న శ్లేష.

మార్లో "అండ్ వీ విల్ ఆల్ ద ప్లెజర్స్ ప్రూవ్" అంటాడు. కర్మ ముందు, క్రియ ఆఖర్న, మన వరసే. ప్రూవ్ అంటే ఇక్కడ రుజువు చేయడం కాదు, చవిచూడటం.

ఇక మిల్టన్. 1667లో వచ్చిన పారడైజ్ లాస్ట్ "ఆఫ్ మేన్స్ ఫస్ట్ డిసొబీడియెన్స్" అని మొదలై, ఆ పండు, ఆ చావు, ఆ స్వర్గం పోవడం అన్నీ ఏకరువు పెట్టాక, ఆరో పంక్తిలో గాని "సింగ్, హెవెన్లీ మ్యూజ్" అన్న ప్రధాన క్రియ రాదు. ఇంగ్లీషు పిల్లలు ఇక్కడ ఊపిరాడక గింజుకుంటారు. సీసపద్యం చదివినవాడికి క్రియ కోసం కాచుక్కూర్చోవడం కొత్తేమీ కాదు.

"వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో" అంటే "ఎక్కడున్నావు రోమియో" అనేగా?

కాదు, "ఎందుకు". నువ్వు రోమియోవే ఎందుకయ్యావు, మా పగవాళ్ళింటి పేరు నీకెందుకొచ్చింది అని జూలియట్ బాధ. వెంటనే "నీ తండ్రిని కాదను, పేరు వదులుకో" అంటుంది కదా. ఎక్కడున్నావని పిలిస్తే ఆ మాటకి పొంతన ఉండదు.

అందుకు, ఎందుకు: దేర్‌ఫోర్, వేర్‌ఫోర్. ఈ జంటతోపాటు ఇంకో రెండు వరసలు పట్టేయండి. ఇటు, అటు, ఎటు: హిదర్, దిదర్, విదర్. ఇక్కణ్ణుంచి, అక్కణ్ణుంచి, ఎక్కణ్ణుంచి: హెన్స్, దెన్స్, వెన్స్. ఇంత చక్కని వరసని ఇంగ్లీషు చేజేతులా పోగొట్టుకుంది.

మెథింక్స్ అంటే ఏమిటి? "దిస్ లైక్స్ మీ" అంటే అది నన్ను ఇష్టపడిందనా?

మెథింక్స్ అంటే "నాకు అనిపిస్తోంది". మీ అన్నది ఇక్కడ "నాకు". థింక్ అన్నది ఇవాళ్టి "ఆలోచించు" కాదు, "తోచు" అన్న అర్థమున్న వేరే పాత క్రియ. హామ్లెట్‌లో రాణి "ద లేడీ డత్ ప్రొటెస్ట్ టూ మచ్, మెథింక్స్" అంటుంది. ప్రొటెస్ట్ అంటే అక్కడ ఒట్లు పెట్టుకోవడం. కథలోనే ఆడుతున్న ఇంకో నాటకంలోని రాణి మళ్ళీ పెళ్ళాడనని తెగ ఒట్లేస్తోంది, అతిగా అనిపిస్తోంది నాకు అని చూస్తున్న రాణి మాట.

అదే నాటకం ఆఖరి అంకంలో కత్తి ఎంచుకుంటూ హామ్లెట్ "దిస్ లైక్స్ మీ వెల్" అంటాడు. ఇది నాకు బాగా నచ్చింది, అంతే. నచ్చు క్రియ తెలుగులో ఎలా నడుస్తుందో లైక్ అలా నడిచింది: వస్తువు కర్త, మనిషి "కు". ఇంగ్లీషు ప్రొఫెసర్లు దీనికి పేజీ రాస్తారు, మనకి వాక్యం చాలు.

టేమింగ్ ఆఫ్ ద ష్రూలో "నాక్ మీ హియర్" జోకు అర్థం కాలేదు.

పెట్రూచియో స్నేహితుడి ఇంటి ముందుకొచ్చి నౌకరు గ్రూమియోతో "నాక్ మీ హియర్ సౌండ్లీ" అంటాడు. నాకోసం ఈ తలుపు గట్టిగా కొట్టు అని అతని ఉద్దేశం. మీ అంటే "నాకు" కావచ్చు, "నన్ను" కావచ్చు. గ్రూమియో "నన్ను కొట్టు" అని తీసుకుని, మిమ్మల్ని కొట్టడానికి నేనెంతవాణ్ణి అయ్యగారూ అని బేలగా మొహం పెడతాడు. మాటా మాటా పెరిగి చివరికి వాడికి చెవిమెలి తప్పదు. తెలుగులో "తలుపు కొట్టిపెట్టు" అంటాం, ఆ "పెట్టు"లోనే "నాకోసం" ఉంది, "నన్ను" అనుకునే వీలే లేదు. అంచేత జోకు తెలుగులోకి తేవడం కష్టం, అర్థం చేసుకోవడం తేలిక.

"మోస్ట్ అన్‌కైండెస్ట్", "కెనాట్ గో నో ఫర్దర్": షేక్‌స్పియర్‌కి గ్రామర్ రాదా?

ఈ ప్రశ్న ఏటా వస్తుంది. జూలియస్ సీజర్ నాటకంలో ఆంటొనీ, సీజర్‌ని బ్రూటస్ పొడిచిన పోటుని "మోస్ట్ అన్‌కైండెస్ట్ కట్ ఆఫ్ ఆల్" అన్నాడు. అప్పట్లో మోస్ట్, -ఎస్ట్ రెండూ కలిపితే బలం పెరుగుతుందేగాని తప్పు కాదు. వ్యతిరేకార్థాలూ అంతే. యాజ్ యూ లైక్ ఇట్‌లో అలసిపోయిన సీలియా "ఐ కెనాట్ గో నో ఫర్దర్" అంటుంది. ట్వెల్ఫ్త్ నైట్‌లో వయోలా అయితే "నార్ నెవర్ నన్" అని మూడు కలిపి కొట్టింది. మూడూ కలిసి ఒక్క "లేదు"ని గట్టిచేస్తాయి.

ఇక్కడ తెలుగు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. "రాకుండా ఉండడు" అంటే వస్తాడనే కదా మనకి. ఆ లెక్క ఇక్కడ వేయకండి. రెండు నాట్‌లు కొట్టేసుకుంటాయన్న సూత్రాన్ని ఇంగ్లీషు మీద గట్టిగా రుద్దింది 18వ శతాబ్దం వ్యాకర్తలు. వాళ్ళలో పేరుపడ్డ రాబర్ట్ లౌత్ వ్యాకరణం 1762లో వచ్చింది, అంటే షేక్‌స్పియర్ పోయిన 146 ఏళ్ళకి. బెన్ జాన్సన్ కూడా ఒక ఇంగ్లీషు వ్యాకరణం రాశాడు, అది అతను పోయాక 1640లో అచ్చయింది. పరీక్షలో "కవి చేసిన తప్పు" అని మాత్రం రాయకండి, "నాటి ప్రయోగం" అనండి.

కొవ్వొత్తిని, ఉప్పుని "హిజ్" అంటారేం? వాటికి ప్రాణం పోస్తున్నారా?

లేదు. ఇట్స్ అన్న మాట అప్పుడప్పుడే పుడుతోంది. దానికి ముందు "దాని" అనడానికి కూడా హిజే. "హౌ ఫార్ దట్ లిటిల్ కాండిల్ త్రోస్ హిజ్ బీమ్స్" అని పోర్షియా. "ఇఫ్ ద సాల్ట్ హావ్ లాస్ట్ హిజ్ సేవర్" అని బైబిల్. వీటిని పర్సనిఫికేషన్ అని రాసే గైడ్లు బజార్లో ఉన్నాయి, నమ్మకండి.

పై వాక్యంలో సాల్ట్ "హాజ్" అనాలి కదా, "హావ్" ఎందుకు?

ఇఫ్ వల్ల. జరిగిందని చెప్పకుండా జరిగితే అన్నప్పుడు క్రియ ఉత్తగా నిలబడుతుంది. "ఇఫ్ మ్యూజిక్ బీ ద ఫుడ్ ఆఫ్ లవ్, ప్లే ఆన్" అందుకే. మనం "గాక" అనేచోట కూడా ఇదే రూపం. గాడ్ సేవ్ ద కింగ్ అంటే దేవుడు రాజుని కాపాడుగాక. సేవ్స్ అంటే కాపాడుతున్నాడని వార్త చెప్పినట్టవుతుంది.

"ద కింగ్ ఈజ్ కమ్": హాజ్ కదా ఉండాలి?

రావడం, పోవడం, పారిపోవడం లాంటి క్రియలకి ఈజ్, ఆర్ వాడేవారు. "వచ్చి ఉన్నారు" అన్నట్టు. మాక్బెత్‌లో రాజకుమారులు "ఆర్ స్టోలెన్ అవే అండ్ ఫ్లెడ్". దీన్ని పాసివ్ అనుకుని, వాళ్ళని ఎవరో దొంగిలించారు అని రాసిన జవాబు పత్రాలు దిద్దాను. వాళ్ళే చడీచప్పుడు లేకుండా జారుకున్నారు.

నామవాచకాలని క్రియలు చేసేస్తాడు. హద్దు లేదా?

లేదు, అదే అతని సరదా. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రిచర్డ్ 2లోది. బహిష్కారం ధిక్కరించి సైన్యంతో తిరిగొచ్చిన బోలింగ్‌బ్రోక్, చిన్నాన్న యార్క్ ముందు మోకరిల్లి "మై గ్రేషియస్ అంకుల్" అంటాడు. ముసలాయన భగ్గుమంటాడు: "గ్రేస్ మీ నో గ్రేస్, నార్ అంకుల్ మీ నో అంకుల్." బాబాయ్ లేదు గీబాయ్ లేదు, ద్రోహికి నేను బాబాయిని కాను! గ్రేస్, అంకుల్ రెండూ ఒకే పంక్తిలో ఒకసారి క్రియ, ఒకసారి నామవాచకం.

మాటలు మింగేస్తారు కూడానా?

చాలా. "ఐ మస్ట్ టు ఇంగ్లాండ్" అంటాడు హామ్లెట్, వెళ్ళాలి అన్న క్రియ లేదు. "ఐ హావ్ ఎ బ్రదర్ ఈజ్ కండెమ్డ్ టు డై" అంటుంది మెజర్ ఫర్ మెజర్‌లో ఇసబెల్లా, మధ్యలో హూ లేదు. పైకి చదివితే లోటు తెలియదు.

తెలిసిన మాటలే వేరే అర్థంలో వస్తాయట. ఏవి ముఖ్యం?

స్టిల్ అంటే చాలాచోట్ల "ఎప్పుడూ". ప్రెజెంట్లీ అంటే "కాసేపట్లో" కాదు, "ఇప్పుడే". ఏన్ ఒక్కోసారి ఇఫ్, అంటే "అయితే". సాఫ్ట్ అంటే "ఆగు". లెట్ అంటే అడ్డగించడం కూడా: దయ్యం వెంట వెళ్తూ హామ్లెట్ "ఐల్ మేక్ ఎ గోస్ట్ ఆఫ్ హిమ్ దట్ లెట్స్ మీ" అంటాడు. వదిలినవాణ్ణి కాదు, ఆపినవాణ్ణి దయ్యం చేస్తానన్నాడు. మారీ అని వాక్యం మొదట్లో వస్తే పెళ్ళి కాదు, మరియమ్మ మీద ఒట్టు. జూలియట్ తల్లి ఈ రెండర్థాలతోనే ఆడుకుంటుంది: "మారీ, దట్ 'మారీ' ఈజ్ ద వెరీ థీమ్ ఐ కేమ్ టు టాక్ ఆఫ్."

పక్కపక్కనే ఆధునిక ఇంగ్లీషు ఇచ్చిన పుస్తకం కొనమంటారా?

కథ కోసం ఒకసారి చదవండి, తప్పులేదు. అక్కడే ఆగిపోతే పైన కెంట్ మాటకి జరిగిందే మీరు చదివే ప్రతి పాత్ర మాటకీ జరుగుతుంది. ఫోల్జర్ లైబ్రరీవాళ్ళు నాటకాల పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు, అవి చాలు. 1623 నాటి మొదటి ఫోలియో (షేక్‌స్పియర్ నాటకాల తొలి పెద్ద సంపుటి) అచ్చుబొమ్మలు చూడాలనుకుంటే, అందులో లవ్ మాటలో "వి" బదులు "యు", అపాన్ మొదట్లో "యు" బదులు "వి" ఉంటాయని ముందే తెలుసుకోండి. అచ్చుతప్పులు కావవి.

చిన్నదేదైనా ఒకటి చెప్పండి, కూర్చుని విప్పుకుంటాను.

1609 సంపుటిలోని 116వ సానెట్. పద్నాలుగు పంక్తుల్లో పైన చెప్పినవి చాలా ఉన్నాయి.

"లెట్ మీ నాట్ టు ద మారేజ్ ఆఫ్ ట్రూ మైండ్స్ / అడ్మిట్ ఇంపెడిమెంట్స్." లెట్, అడ్మిట్ మధ్య మిగతాదంతా ఇరుక్కుంది. ఇంపెడిమెంట్ చర్చి పెళ్ళిలో "అభ్యంతరం ఉంటే చెప్పండి" అన్నచోట వచ్చే మాట. తర్వాత "వెన్ ఇట్ ఆల్టరేషన్ ఫైండ్స్": కర్త, కర్మ, క్రియ, అచ్చం మన వరస. "ఏన్ ఎవర్-ఫిక్సెడ్ మార్క్"లో ఫిక్స్‌డ్ అని కాకుండా ఫిక్-సెడ్ అని రెండక్షరాలుగా పలకాలి, లేకపోతే పదికి ఒకటి తగ్గుతుంది. ఆ -ఎడ్ పలకాలో మింగాలో కొన్ని ప్రతుల్లో గుర్తు పెడతారు, లేనిచోట వేళ్ళ మీద లెక్కెట్టుకోండి. మన గురులఘువుల లెక్క కాదిది, ఊనిక లెక్క: తేలిక, బరువు, తేలిక, బరువు, అలా ఐదు జతలు.

"ఆల్దో హిజ్ హైట్ బీ టేకెన్": నక్షత్రానికి హిజ్, ఆల్దో తర్వాత బీ. "లవ్ ఆల్టర్స్ నాట్": డూ లేదు. చివరి పంక్తి "ఐ నెవర్ రిట్, నార్ నో మేన్ ఎవర్ లవ్డ్": రిట్ అంటే రోట్, నార్ నో కలిసి ఒక్కటే "లేదు".

ఇందులో దౌ లేదు. అది కావాలంటే 18వ సానెట్‌కి వెళ్ళండి. అక్కడ "దట్ ఫెయిర్ దౌ ఓస్ట్" దగ్గర మాత్రం చూసుకోండి, ఆ ఓ అప్పు కాదు, ఓన్: నీ సొంతమైన అందం.